ఆవకాయలో తొక్కుడు లడ్డు

మా మనవరాలికి ఎండాకాలం సెలవులు ఇచ్చినప్పటి నుంచి బందరులో మా వంటిల్లు నా చేతిలో లేకుండా పోయింది. పదమూడేళ్ళ పిల్ల. ఎవరెవరో ఏవేవో తింటూ ఉంటే ఫోనులో కళ్ళప్పగించి చూస్తుంది, చూసి లేచొచ్చి నా గిన్నెల మీద పడుతుంది. మొన్న వేడి వేడి దోసె మీద ఐస్‌క్రీం పెట్టింది. అది కరిగి గట్టంతా కారితే తుడిచింది నేను. నిన్న నూడుల్సులో కూల్‌డ్రింకు పోసి ఉడకబెట్టింది. అడుగంటిన గిన్నె తోమిందీ నేనే. అరటిపండుకి మిరియాల పొడట, మిరపకాయ బజ్జీలో చాక్లెట్టట.

"దోసెని దోసెలా తింటే నీ సొమ్మేం పోయిందే?" అంటాను.

"తినకుండానే బాలేదని ఎలా చెప్తావు అమ్మమ్మా? నీది ఓపెన్ మైండ్ కాదు" అంటుంది. పైగా నేను తింటుంటే వీడియో తీస్తుందట. నా మొహం వికారంగా పెడితే అందరూ చూస్తారట. ఈ వయసులో నాకదొక్కటే తక్కువ.

ఇవాళ మధ్యాహ్నం దానికి ఆవకాయన్నం కలిపి పెట్టాను. ఈ ఏటి కొత్తావకాయ, ఇంకా ఊట సరిగ్గా పైకి తేలను కూడా లేదు. నెయ్యి వేసి ఇలా తిరిగానో లేదో, బజారు నుంచి వాళ్ళ నాన్న తెచ్చిన లడ్డూల పెట్టె తెరిచి, ఒక తొక్కుడు లడ్డు తీసి, ఆ ఎర్రటి అన్నం మీద పొడిపొడిగా చిదిపేసింది.

"ఆగవే!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే పక్క గదిలో పడుకున్న మా అమ్మాయి లేచి వచ్చింది.

"ఇది కూడా ఫోనులో చూశావా?"

"లేదమ్మమ్మా, ఇది నా సొంత ఐడియా. ఎవ్వరూ ఇంతవరకు చేసుండరు" అంది గొప్పగా.

ఎవ్వరూ చేసుండరట! ఇలాంటి కంచం చూసి నేను చిన్నప్పుడు ఎంత ఏడ్చానో దీనికేం తెలుసు?

*

నేను పుట్టి పెరిగింది పెడనలో, బట్టల మీద అద్దకం పని చేసేవాళ్ళ వీధిలో. ఇప్పుడెళ్ళి ఆ వీధి చూపించమంటే నేను చూపించలేను. నా దగ్గర దాని వాసన ఒక్కటే మిగిలింది. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలల్లో తాన్లకి తాన్లు తడిపి ఎండలో ఆరేసేవారు. పొద్దెక్కేకొద్దీ విరిగిన పాల వాసన ఇళ్ళలోకి వచ్చేది. మా ఇంటికి వచ్చిన చుట్టాలు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేవారు. మాకు మాత్రం బడి నుంచి వస్తూ ఆ వాసన తగిలితే ఇల్లొచ్చేసిందని లెక్క.

షావుకారు గారి అద్దకం షెడ్డు వెనక తాటాకు పందిరి కింద వరసగా కుండలు ఉండేవి. వాటిలో తుప్పు పట్టిన మేకులు, విరిగిన కొడవళ్ళు, పనికిరాని ఇనుప ముక్కలు వేసి, బెల్లం నీళ్ళు పోసి, మూతికి గుడ్డ కట్టేవారు. రెండు మూడు వారాలు పులిస్తే అవే నల్ల రంగు నీళ్ళు. వాటిని ఎప్పుడు తీయాలన్నదే కిటుకు. ముందే తీస్తే అద్దినప్పుడు నల్లగానే కనబడి, కాలవలో ఉతికాక బూడిద రంగుకి తిరిగిపోతుంది. మరీ ఆలస్యం చేస్తే గుడ్డనే తినేస్తుంది. మా నాన్న వేలు ముంచి, నాలుక చివర రాసుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "ఇంకో మూడు రోజులు" అనేవాడు. ఆ షెడ్డులో ఎంతమంది పనిచేసినా, మేస్త్రీగా ఆయన చెప్పందే ఎవరూ ఆ కుండల మూతి విప్పేవారు కాదు. మా ఇల్లు నడిచేది ఆయన నాలుక మీద. అది నాకు అప్పుడే తెలుసు, ఎందుకంటే అమ్మ రోజుకోసారైనా ఆ మాట అనేది.

అంత నాలుక ఉన్న మనిషి తిండి చూస్తే మాత్రం ఎవరికైనా తిక్క రేగాల్సిందే.

మా అమ్మ వంట వీధిలో పేరున్న వంట. ఆమె దోసకాయ పప్పు చేస్తే పక్కింటివాళ్ళు గిన్నె పట్టుకుని వచ్చేవారు. అలాంటి పప్పులో నాన్న జీళ్ళు నంజుకునేవాడు. పాయసంలో ఊరమిరపకాయ నలుపుకునేవాడు. కాఫీలో ఉప్పు వేసుకుని తాగేవాడు. మధ్యాహ్నం ఆవకాయన్నం మీద మాత్రం బందరు తొక్కుడు లడ్డు తప్పకుండా పడాలి. ఆ బంగారం లాంటి లడ్డు ఎర్రటి నూనెలో మునిగిపోతుంటే నా ప్రాణం ఉసూరుమనేది. నాకు ఇవ్వొచ్చుగా! పండక్కో పబ్బానికో మాకు ఒకటి చొప్పున దొరికే లడ్డు, ఆయన కంచంలో రోజూ ఆవకాయ పాలు.

"పొయ్యి దగ్గర పొద్దుటి నుంచీ చస్తూ వండితే, దాని మొహాన ఆ లడ్డు కొట్టందే ముద్ద దిగదా మీకు?" అని అమ్మ కేకలేసేది. మామూలు కేకలు కావు. వీధి చివరి బావి దగ్గర నీళ్ళు తోడుకునేవాళ్ళకి కూడా మేస్త్రీ గారింట్లో ఇవాళ దేన్లో ఏం కలిపారో తెలిసిపోయేది.

"బాగుంటుందే. నువ్వూ ఓ ముద్ద తిని చూడు" అనేవాడు నాన్న నవ్వుతూ.

"నాకేం ఖర్మ! మీ వంశానికే ఉంది ఆ తిక్క."

వంశం మాట నిజమేనేమో అనిపించేది. కోడూరు నుంచి మా అత్తయ్య, అంటే నాన్న అక్క, ఎండాకాలం వచ్చేటప్పుడు గోనెసంచిలో ఎండు రొయ్యలు తెచ్చేది. వాటిని దోరగా వేయించి పుచ్చకాయ ముక్కలతో నంజుకుని తినేది. ఒక చేతిలో పుచ్చకాయ, ఒక చేతిలో రొయ్యలు, మోచేతుల దాకా కారే రసం. "చల్లగా ఉంటుంది, ఉప్పగా ఉంటుంది, ఇంకేం కావాలే పిల్లా?" అనేది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు గానీ, ఆ పుర్రెలూ ఆ జిహ్వలూ అన్నీ ఏరి మా ఇంట్లోనే పెట్టాడేం దేవుడు అని నాకు ఒళ్ళు మండేది.

*

నేను నాలుగో తరగతిలో ఉండగా నాన్న నాతో ఒక ఆట మొదలుపెట్టాడు. బడి నుంచి రాగానే షెడ్డు వెనక్కి పిలిచేవాడు. అప్పటికి పనివాళ్ళు టీకి వెళ్ళి ఉండేవారు. కుండ మూతి విప్పి, చీపురు పుల్ల ముంచి, నా నాలుక మీద ఒక్క చుక్క రాసేవాడు.

"నీ నాలుక ఎంత చురుకో చూద్దాం అమ్మలూ. ఏం తెలుస్తోంది?"

"ముందు ఇనుము. తర్వాత తీపి. చివర్న కొంచెం పులుపు."

"తీపి ఎక్కువా, పులుపు ఎక్కువా? నాలుక పక్కలు లాగుతున్నాయా?"

నేను చెప్పేదాన్ని. ఆయన నోరు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చి, చేతిలో పిప్పరమెంటు పెట్టేవాడు. "అమ్మతో అనకేం, ఆ నీళ్ళు నాకించానని నన్ను చంపేస్తుంది" అనేవాడు. కాసేపటికి పనివాళ్ళు వచ్చేవారు. అప్పుడు వాళ్ళందరి ముందూ తను వేలు ముంచి, నాలుకకి రాసుకుని, కళ్ళు మూసుకుని, నేనేం చెప్పానో దాన్నిబట్టే రోజులు చెప్పేవాడు. నాకు పని నేర్పుతున్నాడని పొంగిపోయేదాన్ని. ఆడపిల్లకి ఎవరూ నేర్పని పని నాకు నేర్పుతున్నాడని.

ఇలా రెండేళ్ళు సాగాక గుడివాడలో మా మావయ్య గృహప్రవేశం వచ్చింది. అమ్మకి అన్నగారు. పెంకుటింట్లోంచి డాబాలోకి వెళ్తున్నాడు కాబట్టి ఆర్భాటంగానే చేశాడు. మేం ముగ్గురం పాసింజరు బండెక్కి వెళ్ళాం. బంతిలో నాన్న పక్కనే కూర్చున్నాను. అత్తయ్య, అంటే మావయ్య భార్య, దగ్గరుండి వడ్డించింది. పనసపొట్టు కూర, పులిహోర, బూరెలు, ఇంకా ఏవేవో. నా కళ్ళు ఆకు మీద ఆగడం లేదు.

అప్పుడు నాన్న చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో రెండు తొక్కుడు లడ్డూలు. ఆవకాయన్నం కలిపి, వాటిని దాని మీద చిదిపి, ఊరుకున్నాడా? దాని మీద పాయసం పోయించుకున్నాడు!

ముందు మా వరస నవ్వింది, తర్వాత ఎదటి వరస. వెనక నుంచి ఎవరో లేచి నిలబడి మరీ చూశారు. అత్తయ్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏం అన్నయ్య గారూ, ఇన్ని వండిస్తే ఒక్కటీ నోటికి పట్టలేదా?" అంది.

"అయ్యో, అన్నీ అమృతంలా ఉన్నాయమ్మా" అన్నాడు నాన్న, ఒక్కటీ విడిగా నోట పెట్టకుండానే.

అమ్మ అవతలి వరసలోంచి అందుకుంది. "ఏమనుకోకు వదినా, ఈయన తిక్క తిండి మా వీధిలో అందరికీ తెలుసు. నేను చెప్పీ చెప్పీ విసిగిపోయాను" అని అందరికీ వినబడేలా అంది. అందరూ మళ్ళీ నవ్వారు. సాయంత్రం దాకా పిల్లలు నన్ను "లడ్డావకాయ" అనే పిలిచారు. "మీ నాన్నకి కాస్త పిచ్చా?" అని మావయ్య కూతురు అడిగింది. ఎగతాళికి కూడా కాదు, నిజంగానే అడిగింది. అదే నేను భరించలేకపోయాను.

తిరుగు బండిలో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కవుతరం స్టేషన్లో నాన్న ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొని పొట్లం నా ఒళ్ళో పెట్టాడు. కిందికి తోసేశాను. ఆయన వంగి ఒక్కొక్క కాయా ఏరుకుని మళ్ళీ పొట్లం కట్టుకున్నాడు. నన్ను తిట్టనందుకు ఇంకా కోపం వచ్చింది.

*

మర్నాడు సాయంత్రం షెడ్డు వెనక్కి పిలిచాడు. పెద్ద కుండ. బయటి ఊరి నుంచి వచ్చిన దుప్పట్ల పని ఉంది, షావుకారు గారు తొందర పెడుతున్నారని నాన్న చెప్పాడు. పుల్లతో చుక్క రాశాడు. నాలుక మీద ఇంకా బెల్లమే. పులుపు జాడ లేదు.

"పులిసిందా అమ్మలూ?"

"పులిసింది."

"బాగానా?"

"బాగా. నాలుక లాగేస్తోంది."

నాకు బాగా గుర్తుంది, ఆ మాట అంటూ నేను ఆయన మొహంలోకే చూస్తున్నాను. తను వేలు పెట్టి నాకుతాడు కదా, "ఛీ, తియ్యగా ఉందిగా, అబద్ధమాడతావా?" అని తిడతాడు కదా. తిడితే నిన్నటిదంతా అడిగి కడిగేద్దామని కాచుకుని ఉన్నాను. ఆయన వేలు ముంచాడు. నోట్లో పెట్టుకున్నాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపు ఉంచుకున్నాడు. తర్వాత వేలు పంచెకి తుడుచుకుని, "సరే అయితే" అన్నాడు. పనివాళ్ళు రాగానే కుండ వడకట్టమన్నాడు.

అయినా పెద్దాయన, మేస్త్రీ, ఆయనకి తెలియదా అనుకున్నాను. నాకే సరిగ్గా తెలిసుండదు అనుకున్నాను. అద్దకం బల్లల మీద అచ్చులు టపటపా పడుతుంటే పూలూ నెమళ్ళూ నల్లగానే కనబడ్డాయి. ఇంకేం భయం లేదనుకున్నాను.

కాలవకి తీసుకెళ్ళి ఉతికిన రోజున దుప్పట్లన్నీ బూడిద రంగుకి తిరిగిపోయాయి. ఒక్కటి మిగల్లేదు. గట్టు మీద పరిచినవి పరిచినట్టే ఉన్నాయి, వాటి మధ్య నాన్న నిలబడి ఉన్నాడు. షావుకారు గారు అరవలేదు.

"ఏం మేస్త్రీ, నీ నాలుకకేమైంది?" అని మాత్రం అన్నారు.

"పొరపాటైందండీ. తొందరపడ్డాను" అన్నాడు నాన్న.

నేను ఇంటికి పరుగెత్తాను. అమ్మకి అప్పటికే కబురు అందింది. వంటింట్లో పీట మీద కూలబడి ఏడుస్తోంది. నన్ను చూసి దగ్గరికి లాక్కుంది. ఏడుపులో మాటలు ఆగలేదు.

"రెండేళ్ళ కిందట జ్వరం వచ్చి తగ్గింది చూడు, అప్పటి నుంచి మీ నాన్న నోటికి ఉప్పు లేదు, తీపి లేదు, పులుపు లేదే. ఏం పెట్టినా పిండిముద్దే. ఆవపిండి ఘాటు ముక్కుకెక్కితే, పంటి కింద లడ్డు రవ్వరవ్వగా తగిలితే, అప్పుడు కాస్త తిన్నట్టుంటుందట. గుడివాడకి ఆ పొట్లం కట్టిచ్చిందీ నేనే. తిక్క తిండి, తిక్క తిండి అని ఊరంతా చాటిందీ నేనే. తిక్క అనుకుంటే నవ్వి ఊరుకుంటారు. నాలుక పోయిందని తెలిస్తే ఆ కుండల దగ్గర ఇంకొకణ్ణి కూర్చోబెట్టరా? అయినా ఇన్నాళ్ళూ ఏనాడూ తప్పు చెప్పలేదే. ఎలా చెప్పగలిగాడో గానీ..."

"నేను చెప్పేదాన్నమ్మా" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో వచ్చేసింది. "నేను నాకి చెప్తే నాన్న అదే చెప్పేవాడు."

అమ్మ ఏడుపు ఆగిపోయింది. నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"మరి ఈసారి ఏం చెప్పావే?"

నాకు పదకొండేళ్ళు. ఇన్నేళ్ళుగా ఆ వయసు చెప్పుకునే నన్ను నేను క్షమించుకోవాలని చూస్తున్నాను, కుదరడం లేదు.

"పులవలేదనే చెప్పాను. నాన్నే వినలేదు."

గుమ్మం దగ్గర చప్పుడైతే తిరిగి చూశాం. నాన్న. కాలవ బురద మోకాళ్ళ దాకా ఉంది. అంతా విన్నాడు.

"పిల్ల పులవలేదని చెప్తే వినకుండా వడకట్టించారా? ఏమండీ, మీకసలు బుద్ధుందా?" అని అమ్మ ఆయన మీద పడింది. ఈసారి వీధికి వినిపించే కేకలు కావు. ఆయన్ని లోపలికి లాగి, తలుపు మూసి మరీ తిట్టింది.

నాన్న నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను.

"అవునే. అమ్మలు చెప్పింది, నేనే వినలేదు" అన్నాడు.

*

కుండల దగ్గరికి వేరే మేస్త్రీ వచ్చాడు. నాన్నని షావుకారు గారు పూర్తిగా మానిపించలేదు, కాలవలో బట్టలు ఉతికే పనికి పంపారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మోకాలు లోతు నీళ్ళలో. ఆయన కంచంలో లడ్డు మానలేదు. అమ్మ మాత్రం ఆ తర్వాత ఒక్కరోజు కూడా కేకలెయ్యలేదు. తిక్క తిండి అని చాటే అవసరం తీరిపోయింది కదా. ఆవకాయ జాడీ పక్కన లడ్డు పెట్టి, తలుపు వారగా కూర్చుని, ఆయన తింటుంటే చూసేది. ఆ కేకలు లేని ఇంట్లో అన్నం తినడం ఎంత కష్టమో నాకే తెలుసు.

నన్ను మళ్ళీ ఎప్పుడూ షెడ్డు వెనక్కి పిలవలేదు. నేనూ ఎప్పుడూ నిజం చెప్పలేదు. ఆయనకి తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. అలాగే పోయాడు. తర్వాత అమ్మా పోయింది. ఇప్పుడు అక్కడ కుండలూ లేవు, తాటాకు పందిరీ లేదు. నల్ల రంగు డబ్బాల్లో వస్తోందట, దాన్ని ఎవరూ నాకి చూడక్కర్లేదట.

తలుచుకుంటే ఇప్పటికీ నాన్న మీద కోపమే వస్తుంది. "నాకు రుచి తెలియడం లేదు అమ్మలూ, నీ నాలుకే నాకు దిక్కు" అని ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా? పదకొండేళ్ళ పిల్లని కదా, ఆట అంటే ఆటే అనుకున్నాను. ఆటలో అలిగాను. పోనీ ఆ రోజు గుమ్మం దగ్గరైనా నిజం చెప్పి నన్ను నాలుగు బాది ఉండొచ్చుగా? అలా చేస్తే ఆ రోజుతో పోయేది. అబద్ధాన్ని తన నెత్తిన వేసుకుని నన్ను ఇన్నేళ్ళూ ఇలా వదిలేశాడు. ఇదేం ప్రేమ!

"అమ్మమ్మా, ఎందుకేడుస్తున్నావు? అన్నం పాడు చేశాననా?" అంటోంది మనవరాలు, నా కొంగు పట్టుకుని.

"పాడు చేశావు కాబట్టే. ఇలా ఇవ్వు ఆ కంచం" అన్నాను.

ఇన్నేళ్ళలో నేను దాన్ని ఎప్పుడూ నోట పెట్టలేదు. "ఓ ముద్ద తిని చూడు" అని ఆయన ఎన్నిసార్లు అన్నా పెట్టలేదు. ఒక ముద్ద తీసుకున్నాను. పిల్ల వెంటనే ఫోను ఎత్తి పట్టుకుంది, దాని బుద్ధి ఎక్కడికి పోతుంది? లడ్డు తీపి ముందు తెలిసింది. వెనకే కారం, ఉప్పు, మామిడి పులుపు, నెయ్యి వాసన. ఆవఘాటు ముక్కుకెక్కింది. పంటి కింద రవ్వరవ్వగా తగిలింది. నాకు అన్నీ తెలిశాయి. ఆయనకి వీటిలో చివరి రెండే తెలిసేవి. ఆ రెండింటి కోసం ఊరందరి చేతా నవ్వించుకున్నాడు.

"ఎలా ఉందో చెప్పు అమ్మమ్మా. అబద్ధం చెప్పకూడదు."

"పులవలేదు" అన్నాను. "ఇంకా పులవలేదు నాన్నా."

"లడ్డు పులవడమేంటి అమ్మమ్మా?" అంటోంది అది అయోమయంగా, ఫోను దించకుండానే. ముందు ఆ దిక్కుమాలిన ఫోను కట్టెయ్యమని కసిరి, రెండో ముద్ద కలుపుకున్నాను.